గార్లదిన్నె మండలం: పాలనా చరిత్ర

అనంతపురం నగరానికి ఉత్తరాన సుమారు 20 కి.మీ. దూరంలో, హైదరాబాదు నుంచి బెంగళూరు వెళ్ళే జాతీయ రహదారి మీద ఉంటుంది గార్లదిన్నె. అదే పేరుతో ఉన్న మండలానికి కేంద్రం. అనంతపురం రెవెన్యూ డివిజన్‌కూ, శింగనమల శాసనసభ నియోజకవర్గానికీ, అనంతపురం లోక్‌సభ స్థానానికీ చెందుతుంది. కల్లూరు, పెనకచర్ల, ఇల్లూరు, కోటంక, కొప్పలకొండ, మర్తాడు, జంబులదిన్నె, సిరివరం ఈ మండలంలో పేరున్న ఊళ్ళు. ఉత్తరాన పామిడి, పడమట కూడేరు, తూర్పు దక్షిణాలలో శింగనమల, బుక్కరాయసముద్రం మండలాలు ఉన్నాయి.

గుత్తికి ఉన్నట్టు ఈ ఊరికి దుర్గం లేదు. పెనుకొండకు ఉన్నట్టు రాజధాని అన్న గతమూ లేదు. తాలూకా కచేరీ ఉన్న అనంతపురానికీ గుత్తికీ నడుమ దారిలో, ఎద్దులబండ్ల కాలం నుంచి జనం దాటిపోతూ వచ్చిన ఊరు ఇది. 1985లో మండల కేంద్రమయ్యాక గానీ ఇక్కడ ప్రభుత్వం కుర్చీ వేసుకుని కూర్చోలేదు. అంతవరకూ ఈ పల్లెలను ఏలినవాళ్ళు గుత్తిలోనో, అనంతపురంలోనో, బళ్ళారిలోనో, మద్రాసులోనో ఉన్నారు. ఇక్కడికి వచ్చింది వాళ్ళ శిస్తు లెక్క, కరువు ఏళ్ళలో వాళ్ళ గంజి. ఈ ప్రాంతపు పాలనా చరిత్ర చాలావరకు ఆ రెండింటి చరిత్రే.

గుత్తి సీమ

విజయనగర కాలంలో పెన్న ఒడ్డున ఉన్న ఈ భూములు గుత్తి దుర్గం పలుకుబడి కింద ఉండేవి. దక్షిణాన బుక్కరాయసముద్రం, అనంతపురం చెరువులు 14వ శతాబ్దిలో తవ్వినవి. తరవాతి రోజుల్లో అనంతపురాన్ని హండె వంశం వారు ఏలారు. 1565లో విజయనగరం ఓడాక బీజాపూరు, గోల్కొండ, మొగలులు, కడప నవాబులు వరసగా వచ్చి హక్కు చెప్పుకున్నారు. 18వ శతాబ్ది మధ్యలో గుత్తి మరాఠా నాయకుడు మురారిరావు ఘోర్పడే స్థావరమైంది. 1776లో హైదరలీ దాన్ని పట్టుకున్నాడు. ఆ తరవాత టిప్పు సుల్తాను.

దుర్గం ఎవరి చేతిలో ఉన్నా ఊళ్ళో పాలన నడిపింది ఊరి ఉద్యోగులే. లెక్కకు కరణం, పెద్దరికానికి రెడ్డి, కాపలాకు తలారి, చెరువు నీళ్ళు పంచడానికి నీరుగంటి. పండినదాంట్లో వాళ్ళకు మేర, లేదా ఇనాం భూమి. చెరువు కట్ట తెగకుండా చూసుకునే వానికి ఇచ్చే దశబంధం ఇనాం రాయలసీమ జిల్లాలలో ఎక్కువగా కనిపిస్తుంది. వాన తక్కువైన చోట చెరువే ఖజానా అని ఎరిగిన ఏర్పాటు అది. చెరువు మరమ్మతు బాధ్యతను జీతంతో కాక భూమితో ముడిపెట్టడంలో ఉన్న తెలివి తరవాతి ప్రభుత్వాలకు అందలేదు. 1858లో మొదలైన ఇనాం కమిషన్ ఇనాంలను లెక్కలకెత్తి చాలావాటికి శిస్తు కట్టింది, 1956 ఇనాంల రద్దు చట్టం మిగిలినవాటిని రైతువారీ పట్టాలుగా మార్చింది. ఈలోగా చెరువు కట్టల బాధ్యత పి.డబ్ల్యు.డి. కాగితాల్లోకి చేరింది.

దత్త మండలాలు, మన్రో కొలత

1792, 1799 ఒప్పందాలలో మైసూరు నుంచి తనకు దక్కిన ప్రాంతాలను నిజాం, 1800 అక్టోబరు 12న ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. హైదరాబాదులో కంపెనీ సైన్యం ఖర్చుకు అది మారుబదులు. దత్త మండలాలని పేరుపడిన ఈ సీమకు థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి, అనంతపురాన్ని తన కేంద్రం చేసుకున్నాడు. కింద నలుగురు సబార్డినేట్ కలెక్టర్లు. ఎదురుగా దాదాపు 80 మంది పాళెగాళ్ళు. ఏడేళ్ళలో పాళెగాళ్ళ బలం అణిగిపోయింది. కొందరికి పింఛను, కొందరికి ఉచ్చు.

మన్రో వదిలిపోయిన పెద్ద గుర్తు భూమి కొలత. 1802లో మొదలైన సర్వేలో వాడింది 33 అడుగుల గొలుసు. నాలుగు వైపులా ఒక్కో గొలుసు పొడవున్న చదరం ఒక కుంట, అట్లాంటి 40 కుంటలు ఒక ఎకరం. భూమిని మెట్ట, మాగాణి, తోట అని విడదీసి, ఒక్కో చేనికి శిస్తు కట్టారు. మధ్యలో జమీందారు లేకుండా రైతే నేరుగా సర్కారుకు చెల్లించే రైతువారీ పద్ధతికి ఇక్కడ ఈ కొలతే పునాది.

శిస్తు మాత్రం భారం. ఆ సంగతి మన్రోకే తెలుసు. 1807లో వెళ్ళిపోతూ, పైవాళ్ళకు రాసిన నివేదికలో నాలుగో వంతు తగ్గించమన్నాడు. మద్రాసు బోర్డు వినలేదు. పైగా రైతువారీనే పక్కనపెట్టి, ఊళ్ళను మొదట మూడేళ్ళకూ, తరవాత పదేళ్ళకూ గుత్తకిచ్చే పద్ధతి తెచ్చింది. వానలు తప్పిన ఏడు గుత్త తీసుకున్నవాడూ మునిగాడు, రైతూ మునిగాడు. మన్రో 1820లో మద్రాసు గవర్నరుగా తిరిగొచ్చాక రైతువారీ మళ్ళీ నిలబడింది, శిస్తూ తగ్గింది. 1827 జూలై 6న ఈ సీమలోనే, పత్తికొండలో కలరాతో చనిపోయాడు. మొదట పాతిపెట్టింది గుత్తిలో.

మన్రోను దేవుడిలా చెప్పుకునే కథలు రాయలసీమలో ఇంకా వినిపిస్తాయి. కథలు ఎట్లున్నా, తగ్గించమని చెప్పిన శిస్తును మొదట పెంచి కట్టింది కూడా ఆయన కచేరీయే.

బళ్ళారి నుంచి అనంతపురానికి

1808లో దత్త మండలాలను బళ్ళారి, కడప అని రెండు జిల్లాలుగా చీల్చారు. ఇప్పటి గార్లదిన్నె పల్లెలు బళ్ళారి వైపు పడ్డాయి. బళ్ళారిలో ఉండే కలెక్టరును ఇక్కడి రైతు అర్జీ పట్టుకుని చూడాలంటే పెన్న దాటి, కన్నడం మాట్లాడే సీమ దాకా నడవాలి. ఆచరణలో ఎవరూ అంత దూరం పోలేదు. ఏటా శిస్తు లెక్కలు తేల్చే జమాబందీకి తాలూకా కేంద్రానికో మకాముకో దొర వచ్చేవాడు. కరణం లెక్కల కట్ట చంకన పెట్టుకుని బయలుదేరేవాడు, వెనక రెడ్డి.

ఆ కట్టలో ఉండే అడంగల్ అన్న లెక్కను కాస్త దగ్గరగా చూడాలి. అడ్డంగా ఒక్కో వరస ఒక్కో సర్వే నంబరు. పక్కన విస్తీర్ణం, పట్టాదారు పేరు, సాగులో ఉన్నవాని పేరు, నీటి ఆధారం, వేసిన పంట, రావలసిన శిస్తు. పైరు ఉన్నప్పుడు చేను తిరిగి కరణం దీన్ని నింపాలి. రెవెన్యూ ఇన్స్పెక్టరు వచ్చి అజమాయిషీ చేసి, కొన్ని చేలు తానే చూసి సంతకం పెట్టాలి. ఏడు లెక్క ఫసలీలో సాగుతుంది. జూలై 1న ఫసలీ మారుతుంది, 2025 జూలైలో మొదలైంది 1435వ ఫసలీ. మాగాణిలో నీరందక పంట ఎండితే శిస్తు మినహాయింపు (రెమిషన్) దొరకడానికి ఆధారం అడంగల్‌లో కరణం రాసిన ఒక్క మాట. ఆ మాట కోసం ఊళ్ళో ఎంత రాజకీయం నడిచేదో చెప్పనక్కరలేదు.

1876-78 నాటి కరువు బళ్ళారి జిల్లాను ఎంత ఘోరంగా పీల్చేసిందంటే, ఇంత పెద్ద జిల్లాను ఒక్క కలెక్టరు చూడలేడన్నది ఎవరూ కాదనలేని మాటైంది. నాలుగేళ్ళకు, 1882లో, అనంతపురం కేంద్రంగా కొత్త జిల్లా పుట్టింది. అనంతపురం, గుత్తి, తాడిపత్రి, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం, మడకశిర తాలూకాలు బళ్ళారి నుంచి విడిపోయి దీన్లో చేరాయి. 1883 నాటికి కరువు నియమావళి కూడా తయారైంది. ఏ గుర్తులు కనబడితే కరువని ప్రకటించాలి, మట్టిపనికి కూలి ఎంత, పనిచేయలేనివానికి ఏమివ్వాలి, అన్నీ అందులో రాసి ఉండేవి.

జిల్లా ఎల్లలు తరవాతా కదిలాయి. 1910లో కడప జిల్లా నుంచి కదిరి తాలూకా వచ్చి కలిసింది. 1953లో బళ్ళారి జిల్లాను మైసూరుకూ ఆంధ్రకూ పంచినప్పుడు రాయదుర్గం ఇటు వచ్చింది. గార్లదిన్నె వైపు మాత్రం ఏ కదలికా లేదు, జిల్లా నడిబొడ్డున ఉన్న ఊళ్ళకు సరిహద్దు తగవులు ఉండవు.

ఈ ఊళ్ళ గతిని మార్చింది ఎల్లలు కాదు, రైలు. 1890లలో గుంతకల్లు నుంచి ధర్మవరం, హిందూపురం మీదుగా మైసూరు సరిహద్దు దాకా మీటర్ గేజి దారి పడింది. గార్లదిన్నె, కల్లూరు స్టేషన్లయ్యాయి. దాని పక్కనే రోడ్డు, 2010 దాకా ఏడో నంబరు, ఇప్పుడు 44. తొంభై ఏళ్ళ తరవాత మండల కేంద్రం ఎక్కడ పెట్టాలని వెదికినప్పుడు స్టేషనూ బస్సూ రెండూ ఉన్న ఊరికి మొగ్గు రావడం సహజం.

ఇల్లూరు, తరిమెల

ఈ మండలానికి ఒక విశేషం ఉంది. రాష్ట్ర పాలనా యంత్రాంగాన్ని తిరగరాసిన మనిషి ఇక్కడివాడు. నీలం సంజీవరెడ్డి 1913 మే 19న ఇల్లూరులో పుట్టారు. 1953లో ఆంధ్రరాష్ట్రంలో ప్రకాశం మంత్రివర్గంలో ఉపముఖ్యమంత్రి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రి. తరవాత లోక్‌సభ స్పీకరు, 1977 నుంచి 1982 దాకా రాష్ట్రపతి.

గ్రామ పాలనకు సంబంధించి ఆయన కాలంలో జరిగింది పంచాయతీరాజ్. బల్వంతరాయ్ మెహతా కమిటీ చెప్పిన మూడంచెల పద్ధతిని రాజస్థాన్ 1959 అక్టోబరులో ప్రారంభిస్తే, ఆ వెంటనే ఆంధ్రప్రదేశ్ అందుకుంది. 1959 నవంబరు 1 నుంచి గ్రామ పంచాయతీ, దానిపైన పంచాయతీ సమితి, ఆపైన జిల్లా పరిషత్తు. అంతకుముందు స్థానిక సంస్థలు లేవని కాదు. 1884 చట్టం కింద జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు ఉండేవి. 1934లో తాలూకా బోర్డులు ఎత్తేశారు. వాటి చేతిలో ఉన్నది రోడ్లు, బళ్ళు, ఆసుపత్రులు. సమితి చేతికి విత్తనాలు, అప్పులు, అభివృద్ధి నిధులు వచ్చాయి. రెవెన్యూ తాలూకాతో సంబంధం లేకుండా రెండో అధికార కేంద్రం ఒకటి పల్లెల్లో తయారైంది. సమితి అధ్యక్షుని ఇంటి ముందు జీపు ఆగడమన్నది అప్పట్లో తాలూకా కచేరీ కంటే ఎక్కువ లెక్క.

ఇల్లూరు పేరెత్తితే తరిమెల పేరు తప్పదు. పక్క మండలం శింగనమలలోని ఆ ఊరివాడు తరిమెల నాగిరెడ్డి, కమ్యూనిస్టు నాయకుడు, స్వయానా సంజీవరెడ్డికి బావమరిది. తొలి సాధారణ ఎన్నికల్లో మద్రాసు శాసనసభకు అనంతపురంలో బావ మీద పోటీచేసి, జైల్లో ఉండే గెలిచాడు. ఒకరు చట్టాలు చేసే వైపు, ఇంకొకరు అవి చాలవని చెప్పే వైపు. భూమి ఎవరిది, నీళ్ళెవరివి అన్న ప్రశ్న మీద జిల్లా రాజకీయం అంతా ఈ రెండు ఊళ్ళ నడుమ నడిచిందంటే పెద్ద అతిశయోక్తి కాదు.

పెనకచర్ల

నీళ్ళ ప్రశ్నకు ప్రభుత్వం ఇచ్చిన జవాబు ఈ మండలంలోనే కనబడుతుంది. కోస్తా, రాయలసీమ నాయకుల నడుమ కుదిరిన 1937 శ్రీబాగ్ ఒడంబడికలో రాయలసీమ అడిగినవాటిలో తుంగభద్ర నీళ్ళు ముఖ్యమైనవి. హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాం 1953కు సిద్ధమైంది. అక్కడి నుంచి వచ్చే ఎగువ కాలువ, అందరూ హెచ్చెల్సీ అనేది, కర్ణాటకలో 105 కి.మీ. నడిచి అనంతపురం జిల్లాలోకి దిగుతుంది. లెక్క ప్రకారం ఆంధ్ర వాటా 32.5 టి.ఎం.సి.లు. ఆ నీటిని నిలిపి పంచడానికి 1960లలో పెన్న మీద పెనకచర్ల వద్ద కట్టినదే మిడ్ పెన్నార్ జలాశయం, నిలువ సామర్థ్యం సుమారు 5 టి.ఎం.సి.లు. డ్యాం కట్టిన చోట పెనకచర్ల డ్యాం అనే పేరుతోనే ఒక ఊరు ఏర్పడింది. దక్షిణ కాలువ శింగనమల, నార్పల వైపు సాగుతుంది.

కాలువ రావడంతో పాలనలో మరో వరస అధికారులు వచ్చారు. ఎస్.ఇ., ఇ.ఇ., డి.ఇ., లస్కరు. ఏ ఏడు ఏ తూముకు ఎన్ని రోజులు నీళ్ళన్నది తాలూకా కచేరీ కాక, నీటిపారుదల సలహా మండలి సమావేశం తేల్చేది. 1997లో సాగునీటి వ్యవస్థల రైతుల యాజమాన్య చట్టం వచ్చి, కాలువ కింది రైతులు నీటి వినియోగదారుల సంఘాలుగా ఎన్నికలు జరుపుకున్నారు. పాత నీరుగంటి పని ఎన్నికైన సంఘానికి దక్కింది. డ్యాంలో నీళ్ళుంటేనే సంఘానికి పని. ఎగువ కాలువకు కేటాయింపు ఎంతున్నా, తుంగభద్రలో పూడిక పెరిగేకొద్దీ అందేది తగ్గుతూ వచ్చింది.

కరణాలు పోవడం, మండలం రావడం

1984 జనవరి 6న ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి కరణం, మునసబు (ఊరి రెడ్డి) పదవులను రద్దు చేసింది. తరతరాలుగా ఒకే ఇంట్లో సాగిన లెక్క ఒక్క రోజుతో ఆగింది. చాలా ఊళ్ళలో దస్త్రాలు కరణాల ఇళ్ళ నుంచి ఆఫీసుకు పూర్తిగా చేరలేదు. భూమి తగాదాలు కోర్టుకెక్కినప్పుడు ఫలానా ఫసలీ అడంగల్ లేదనే జవాబు తరవాతి దశాబ్దాల్లో మామూలైపోయింది. కరణాల పెత్తనం పోవలసిందేనన్న దానిలో పల్లెల్లో రెండో మాట లేదు. పోయిన పద్ధతి మాత్రం మోటుగా ఉండింది. వాళ్ళ స్థానంలో గ్రామ సహాయకులు, గ్రామ పాలనాధికారులు, 2002లో పంచాయతీ కార్యదర్శులు, 2007లో వీఆర్వోలు వచ్చారు. బోర్డులు మారాయి, అడంగల్ నింపే పని ఒకటే.

1985 మే 25న తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. రాష్ట్రంలో మూడు వందల పైచిలుకు తాలూకాల స్థానంలో 1,100 పైగా మండలాలు. అనంతపురం జిల్లాకు 63. అందులో ఒకటి గార్లదిన్నె. మండల రెవెన్యూ అధికారి కార్యాలయం ఊళ్ళోకి వచ్చింది. ఆ పదవికి తరవాత మళ్ళీ తహసీల్దారు పాత పేరే పెట్టారు. 1986 చట్టంతో సమితులు రద్దయి మండల ప్రజా పరిషత్తులు ఏర్పడ్డాయి, 1987లో ఎన్నికలు జరిగాయి. రెవెన్యూకూ, పంచాయతీరాజ్‌కూ తొలిసారి ఎల్ల ఒకటే అయింది. కుల ధ్రువపత్రానికి అనంతపురం పోయి, సాయంత్రం బస్సు తప్పితే అక్కడే పడుకోవలసిన పని తప్పిందన్నది ఈ పల్లెల్లో మండల వ్యవస్థకు మొదట దొరికిన మెప్పు.

     

కరువు మండలం

అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మి.మీ. 1952 నాటి కరువులో గంజి కేంద్రాలు పెట్టాల్సి వచ్చింది. 1973-74 నుంచి కరువు పీడిత ప్రాంతాల పథకం. 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ జాతీయ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించింది దగ్గరలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. 1883 నియమావళిలో మట్టిపనికి కూలి దయగా రాసి ఉంటే, ఇక్కడ అది హక్కుగా చట్టమైంది.

1985 తరవాత కరువును ప్రకటించే కొలమానం మండలమైంది. మండలానికో వానమాపకం, మండలానికో సగటు. పంట నష్టానికి పెట్టుబడి రాయితీ, అప్పుల వాయిదా, పశుగ్రాసం, అన్నీ కరువు మండలాల జాబితాలో పేరుంటేనే. గార్లదిన్నెలో ఈ లెక్క సరిగ్గా కూర్చోదు. ఒక పక్క డ్యాం, కాలువ, మాగాణి. ఇంకో పక్క ఎర్రనేల మీద వేరుశనగ, బోర్ల కింద చీనీ తోటలు. ఒక ఊళ్ళో కురిసిన వాన పొరుగూరికి రాదు. వానమాపకం ఉన్న మండల కేంద్రంలో ఒక మంచి వాన పడితే, అది పడని చెలకకు కూడా సగటులో వాటా వస్తుంది. సగటుతో చెలక తడవదు. పంటల బీమాలో మండలం బదులు ఊరిని యూనిట్‌గా తీసుకోవాలన్న రైతుల పాత డిమాండుకు మూలం ఇదే.

2008 పునర్విభజన, 2022 విభజన

2008 నియోజకవర్గాల పునర్విభజనతో శింగనమల ఎస్.సి. రిజర్వుడు స్థానంలో గార్లదిన్నె, శింగనమల, బుక్కరాయసముద్రం, నార్పల, పుట్లూరు, యల్లనూరు మండలాలు ఉన్నాయి. ఉత్తరాన పామిడి గుంతకల్లుకు, పడమట కూడేరు ఉరవకొండకు చెందుతాయి. పెన్నకు అటూ ఇటూ ఉన్న రైతులకు ఒకే కాలువ మీద వేర్వేరు ఎమ్మెల్యేలు.

2019 అక్టోబరు 2 నుంచి గ్రామ సచివాలయాలు వచ్చాయి. దాదాపు రెండు వేల జనాభాకు ఒకటి. సర్వేయరు, పశువుల సహాయకుడు, మహిళా పోలీసు, డిజిటల్ సహాయకుడు అందరూ ఒకే గూట్లో. కరణాల తరవాత ఊళ్ళో ఇంతమంది ప్రభుత్వ ఉద్యోగులు కూర్చోవడం ఇదే మొదలు.

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయింది. పెనుకొండ, హిందూపురం, మడకశిర, కదిరి, ధర్మవరం అటు పోయాయి. గార్లదిన్నె అనంతపురంలోనే ఉండిపోయింది. అప్పుడే గుంతకల్లు కేంద్రంగా కొత్త రెవెన్యూ డివిజన్ ఏర్పడి గుత్తి, పామిడి, పెద్దవడుగూరు దానిలోకి పోయాయి. దాంతో గార్లదిన్నె ఉత్తరపు ఎల్ల మండల హద్దుతో పాటు డివిజన్ హద్దు కూడా అయింది.

ఇన్ని మార్పుల్లోనూ కదలకుండా నిలిచింది సర్వే నంబరు. మన్రో కొలతల తరవాత, 1858లో ఏర్పడిన మద్రాసు సర్వే శాఖ శాస్త్రీయంగా మళ్ళీ కొలిచి, రాళ్ళు పాతి, పొలాల కొలతలు చూపే ఎఫ్.ఎం.బి. పటాలు గీసింది. బళ్ళారి పోయి అనంతపురం వచ్చినా, తాలూకా పోయి మండలం వచ్చినా రైతు తన చేను చెప్పుకునేది ఆ నంబరుతోనే. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే దాన్నీ ముట్టుకుంది. డ్రోన్లు, జి.పి.ఎస్. కొలతలతో పాత నంబర్లు పోయి, ల్యాండ్ పార్సిల్ మ్యాప్ నంబర్లు వచ్చాయి. దీని వెనకనే 2023 అక్టోబరులో అమల్లోకి వచ్చిన భూహక్కుల చట్టం మీద పెద్ద దుమారం రేగి, 2024లో కొత్త ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. చట్టం పోయినా నంబర్లు ఉన్నాయి. రీసర్వే ముగిసిన ఊళ్ళలో తగ్గిన విస్తీర్ణాల మీద, జాయింటుగా పడిన నంబర్ల మీద అర్జీలు తహసీల్దారు కార్యాలయాలకు చేరుతున్నాయి. రైతు అర్జీలో ఇప్పుడు పాత సర్వే నంబరు, కొత్త ఎల్.పి.ఎం. నంబరు రెండూ రాయాల్సిందే.